పక్షుల పుస్తకం ఎలా ఎంచుకోవాలి: ఇంటికొకటి, సంచిలోకి ఒకటి

విజయవాడలోనో గుంటూరులోనో పక్షులు చూడటం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "పక్షుల్ని గుర్తుపట్టడానికి ఏ పుస్తకం కొనమంటారు?" ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ పుస్తకం వాళ్ళు తిరిగే చోటికి, వాళ్ళ అలవాటుకి సరిపడకపోతే నెల తిరక్కుండానే అటక ఎక్కుతుంది. దాంతోపాటు పక్షుల మీద ఆసక్తి కూడా తగ్గిపోతుంది. నాకు బాధ కలిగించేది ఆ రెండోదే. అందుకే పేర్ల జోలికి తర్వాత వెళ్దాం, ముందు ఎంచుకునే పద్ధతి చెప్తాను.

పద్ధతిలో అసలు సంగతి ఇది: మీకు బాగా తెలిసిన పక్షితో పుస్తకాన్ని పరీక్షించండి. తెలియని పక్షి గురించి పుస్తకం సరిగ్గా చెప్తోందో లేదో మీకు తెలిసే దారి లేదు. రోజూ చూసే కొంగ, గద్ద, కోకిల దగ్గర మాత్రం ఇట్టే తెలిసిపోతుంది.

మొదటి అడుగు: పుస్తకం ఎక్కడ తెరుస్తారు?

ఇంట్లో చదివే పుస్తకం పని వేరు, బయట తెరిచే పుస్తకం పని వేరు. ఒకే పుస్తకంతో రెండు పనులూ చేయించాలని చూస్తే సాధారణంగా రెండూ సగం సగమే అవుతాయి.

ఇంట్లో మనకి తీరిక ఉంటుంది. ఫోనులో తీసుకున్న ఫొటో పక్కన పెట్టుకుని, రెండు మూడు పేజీలు తిరగేసి పోల్చుకోవచ్చు. ఆ పక్షి ఏం తింటుంది, గూడు ఎప్పుడు ఎక్కడ కడుతుంది, ఎలా అరుస్తుంది, మన వైపు ఏ నెలల్లో ఉంటుంది అన్నవి చదువుకోవచ్చు. కాబట్టి ఇంటి పుస్తకం పెద్దదైనా, బరువైనా ఫర్వాలేదు. బొమ్మలు పెద్దవిగా, మాటలు ఎక్కువగా ఉండాలి.

ఉప్పలపాడు చెరువు గట్టు మీద నిలబడి ఉన్నప్పుడు పరిస్థితి వేరు. ఒక చేతిలో బైనాక్యులర్స్, నెత్తి మీద ఎండ, పక్షి ఎంతసేపు ఉంటుందో తెలియదు. అక్కడ కావాల్సింది వెంటనే తెరుచుకుని, ఒకే చూపులో బొమ్మ, మ్యాపు, ముఖ్యమైన గుర్తు మూడూ చూపించే పుస్తకం. ఒంటిచేత్తో పట్టుకోగలగాలి. మీరు నిజంగా వాడే సంచిలో పట్టాలి. కొనేముందు ఆ సంచి పట్టుకెళ్ళి పెట్టి చూడండి. చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, బరువని ఇంట్లో వదిలేసి వెళ్ళిన పుస్తకం ఎంత గొప్పదైనా గట్టు మీద ఉపయోగపడదు.

ఇక బాల్కనీలోంచి, మేడ మీంచి మాత్రమే చూస్తాను అనేవాళ్ళకి ఫీల్డ్ గైడ్, అంటే బయటికి పట్టుకెళ్ళి పక్షుల్ని గుర్తుపట్టే పుస్తకం, అక్కర్లేదు. బ్రాడీపేట సందుల్లో ఉన్నా, గవర్నర్‌పేట అపార్టుమెంటులో ఉన్నా మీ కంటపడేవి చాలావరకు కాకి, పావురం, గోరింక, పికిలిపిట్ట, రామచిలుక, తేనెపిట్ట, కంసాలిపిట్ట, పసుల పోలిగాడు, గద్దలు, పైన తిరిగే కొంగల గుంపులు. వీటికి సాధారణ పక్షుల మీద వచ్చిన చిన్న పుస్తకం హాయిగా సరిపోతుంది. పిల్లలున్న ఇంట్లో అయితే అదే మేలు. వెయ్యికి పైగా బొమ్మలున్న పుస్తకం తెరిస్తే పదేళ్ళ పిల్లాడే కాదు, పెద్దవాళ్ళూ బెదిరిపోతారు.

రెండో అడుగు: పుస్తకం ఎంత నేలని చూపిస్తోంది?

భారత ఉపఖండం మొత్తానికి రాసిన పుస్తకంలో పదమూడు వందలకి పైగా జాతులు ఉంటాయి. అందులో హిమాలయాల పక్షులు, ఈశాన్య రాష్ట్రాల పక్షులు, అండమాన్ పక్షులు అన్నీ వస్తాయి. బుల్‌బుల్ పేజీ తెరిస్తే రకరకాల బుల్‌బుల్స్ బారులు తీరి ఉంటాయి. మన మైదానంలో కరెంటు తీగ మీద కనిపించే పికిలిపిట్ట వాటిలో ఒకటి మాత్రమే. కొత్తవాళ్ళు సరిగ్గా ఇక్కడే తప్పుదారి పడతారు. బొమ్మ దగ్గరగా ఉంది కదా అని ఎక్కడో అరుణాచల్‌లో ఉండే పక్షిని కొండపల్లి అడవిలో చూశామనుకుంటారు.

దీనికి రెండు మార్గాలు. ఒకటి, దక్షిణ భారతదేశానికి మాత్రమే పరిమితమైన పుస్తకం కొనడం. జాతులు తగ్గుతాయి, పేజీలు తగ్గుతాయి, వెతకడం సులువవుతుంది. రెండోది, ఉపఖండం మొత్తం పుస్తకమే కొని, ప్రతి జాతి పక్కనా మ్యాపు ఉందో లేదో చూసుకోవడం. మ్యాపు ఉన్న పుస్తకంలో ముందు బొమ్మని కాకుండా మ్యాపుని చూడటం అలవాటు చేసుకోవాలి. కృష్ణా డెల్టా మీద రంగు లేకపోతే ఆ పక్షిని పక్కన పెట్టి ముందుకి వెళ్ళాలి. ఎప్పుడో ఒకసారి దారి తప్పిన పక్షి రావచ్చు, కాదనను. అయినా మొదటి ఏడాది అలాంటి వాటి గురించి టెన్షన్ పడక్కర్లేదు.

మ్యాపులో రంగుల అర్థం పుస్తకానికి పుస్తకానికి మారుతుంది. ఏడాది పొడవునా ఉండేది, చలికాలంలో వచ్చేది, వేసవిలో గూడు కట్టడానికి వచ్చేది, దారిలో ఆగి వెళ్ళేది అని నాలుగు రంగులు చూపిస్తారు. ఆ రంగుల పట్టిక పుస్తకంలో ఎక్కడుందో చూడండి. అట్ట లోపలివైపు ఉంటే మంచిది. ముందుమాటలో ఎక్కడో దాక్కుని ఉంటే ప్రతిసారీ వెతుక్కోవాలి.

యూరప్, అమెరికా పక్షుల పుస్తకాలు చవగ్గా దొరికినా, ఎంత అందంగా ఉన్నా మొదటి పుస్తకంగా వద్దు. పక్షులు వేరు కావడం ఒక కారణం. రెండో కారణం కొంచెం లోతైనది. మన దగ్గరికి చలికాలంలో వచ్చే ఉల్లంకులు (శాండ్‌పైపర్లు), బాతులు అక్కడి పుస్తకాల్లోనూ ఉంటాయి. కానీ ఉల్లంకుల్లాంటి తీరపక్షులకి గూడు కట్టే కాలంలో వచ్చే రంగులకే ఆ పుస్తకాల్లో కొన్నిటిలో పెద్దపీట. కొల్లేరులో, సూర్యలంక తీరంలో అవి మనకి ఎక్కువగా కనిపించేది బూడిద, గోధుమ రంగుల్లో ఉండే చలికాలపు ఈకలతోనే.

మూడో అడుగు: ఫొటోలా, చిత్రాలా?

నా మొగ్గు చిత్రాల వైపే. ఫొటో అంటే ఒక పక్షి, ఒక క్షణంలో, ఒక వెలుతురులో. పొద్దున ఎండలో తీసిన జెముడుకాకి రెక్క ఇటుకరంగులో మెరుస్తుంది, మబ్బుపట్టిన రోజు అదే రెక్క మట్టిరంగులో ఉంటుంది. చిత్రకారుడు మాత్రం అనేక పక్షుల్ని చూసి, గుర్తుపట్టడానికి అవసరమైన లక్షణాలన్నీ ఒకే బొమ్మలో చూపిస్తాడు. పైగా దగ్గరి పోలికలున్న నాలుగైదు జాతుల్ని ఒకే భంగిమలో, ఒకే కొలతలో పక్కపక్కన గీస్తాడు. తేడా కంటికి తెలిసేది అలా పక్కపక్కన పెట్టినప్పుడే.

ఫొటోల పుస్తకానికీ చోటుంది. పక్షి కూర్చునే తీరు, చుట్టూ ఉన్న చెట్టూ నీరూ, ఈకల మెరుపు ఫొటోలో సహజంగా వస్తాయి. పిల్లలకి ఫొటో త్వరగా దగ్గరవుతుంది. ఇంటి పుస్తకంగా ఫొటోలది తీసుకుని, సంచిలోకి చిత్రాలది పెట్టుకుంటే బాగుంటుంది.

నాలుగో అడుగు: తెలిసిన పక్షులతో పరీక్ష

దీనికి కాస్త ఎక్కువ సమయం కేటాయించండి. కొట్లో నిలబడి అయినా, స్నేహితుల పుస్తకం తీసుకుని అయినా ఈ పేజీలు తెరిచి చూడండి.

*తెల్లకొంగలు.* కృష్ణా ఒడ్డున, కాలవల వెంట, పొలాల్లో మనం కొంగ అనేసి వదిలేసే తెల్ల పక్షుల్లో కనీసం నాలుగు రకాలున్నాయి. చిన్నకొంగకి ముక్కు నల్లగా, కాళ్ళు నల్లగా, పాదాలు మాత్రం పసుపు. గేదెల వెంట తిరిగేదానికి ముక్కు పొట్టిగా, పసుపుగా ఉంటుంది. గూడు కట్టే కాలంలో దాని తల, మెడ నారింజ రంగుకి తిరుగుతాయి. పెద్దకొంగకీ మధ్యరకం కొంగకీ తేడా నోటి గీతలో ఉంటుంది: ముక్కు మొదట్నుంచి వెనక్కి వెళ్ళే ఆ గీత మధ్యరకానికి కంటి కింద ఆగిపోతుంది, పెద్దకొంగకి కన్ను దాటి వెనక్కి పోతుంది. మీ చేతిలో ఉన్న పుస్తకం ఈ గీతని చూపిస్తోందా? కనీసం మాటల్లో చెప్తోందా? పెద్దకొంగ ముక్కు గూడు కట్టే కాలంలో పసుపు నుంచి నలుపుకి మారుతుంది. ఆ రెండో బొమ్మ కూడా ఉందా? నాలుగు కొంగల్నీ ఒకే పేజీలో, ఒకదాని పక్కన ఒకటి చూపించని పుస్తకాన్ని నేనైతే మన ప్రాంతానికి సిఫారసు చేయను. ఇంత నీరున్న చోట కొంగల దగ్గరే తడబడే పుస్తకం మనకి పనికిరాదు.

*గుడ్డికొంగ.* గట్టున కూర్చున్నప్పుడు మట్టిరంగు చారలతో నేలలో కలిసిపోతుంది. ఎగరగానే రెక్కలు తెల్లగా బయటపడతాయి. ఎగిరే బొమ్మ లేకపోతే ఇది ఒకే పక్షి అని కొత్తవాళ్ళు నమ్మరు. దీన్ని రాత్రికొంగ పిల్లతో పొరబడటం కూడా మామూలే. రాత్రికొంగ పిల్ల గోధుమరంగులో, ఒంటినిండా తెల్ల చుక్కలతో ఉంటుంది. పెద్దయ్యాక నల్లటి నెత్తితో, బూడిదరంగు రెక్కలతో పూర్తిగా వేరే పక్షిలా కనిపిస్తుంది. పిల్ల బొమ్మ ఉందో లేదో చూడండి.

*గద్దలు.* ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే నల్లగద్ద, గరుడపక్షి రెండూ కనిపిస్తాయి. తెల్ల తల, ఇటుకరంగు ఒళ్ళు ఉన్న ఎదిగిన గరుడపక్షిని ఎవరైనా పోల్చుకుంటారు. దాని పిల్ల మాత్రం గోధుమరంగులో ఉండి నల్లగద్దలా అనిపిస్తుంది. తోక చూడాలి: నల్లగద్ద తోక చీలినట్టు ఉంటుంది, గరుడపక్షి తోక చివర గుండ్రంగా ఉంటుంది. వేటపక్షులన్నిటినీ కింద నుంచి చూసినట్టు, రెక్కలు చాచి గీసిన పేజీలు పుస్తకంలో ఉండాలి. మనం వాటిని చూసేది ఎక్కువగా అలాగే కదా. కొమ్మ మీద కూర్చున్న బొమ్మలు మాత్రమే ఉంటే ఆ పేజీలు సగం వృథా.

*కోకిల, తేనెపిట్ట: ఆడపక్షులు.* మగ కోకిల నల్లగా, ఎర్ర కన్నుతో ఉంటుంది. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలు, చారలతో ఉంటుంది, చాలామంది దాన్ని ఏదో డేగ అనుకుంటారు. తేనెపిట్టల్లో మగవాటి మెరుపు చూసి ఎవరైనా గుర్తిస్తారు. ఆడవాటిని విడదీయడం కష్టం. ఊదారంగు తేనెపిట్ట మగది కూడా గూడు కట్టే కాలం అయిపోయాక మెరుపు వదిలేసి, గొంతు నుంచి కిందికి ఒక నల్ల చారతో తిరుగుతుంది. మగ, ఆడ, పిల్ల, మెరుపు వదిలిన మగ అని నాలుగూ చూపించే పుస్తకం దొరికితే వదలొద్దు.

*ఉల్లంకులు.* ఇది కఠినమైన పరీక్ష. చలికాలంలో పంటకోసిన మాగాణుల్లో, చేపల చెరువుల అంచుల్లో తోక ఆడిస్తూ తిరిగే చిన్న పక్షుల్ని విడదీయడం అనుభవం ఉన్నవాళ్ళకీ ఓపికతో కూడిన పని. కామన్ శాండ్‌పైపర్‌కి రెక్క ముందు భాగంలో తెల్లటి రంగు భుజం మీదికి చొచ్చుకొచ్చినట్టు ఉంటుంది. వుడ్ శాండ్‌పైపర్‌కి వీపంతా చుక్కలు, కంటి పైన తెల్లగీత. గ్రీన్ శాండ్‌పైపర్ ఎగిరితే రెక్కల కింద నల్లగా, నడుం మీద తెల్లగా కనిపిస్తుంది. ఈ మూడింటినీ ఎగురుతున్నట్టు, చలికాలపు ఈకలతో చూపించిందా అని వెతకండి. చూపిస్తే ఆ పుస్తకం మిమ్మల్ని కొల్లేరు దాకా తీసుకెళ్ళగలదు. చూపించకపోతే అది ఇంటి పుస్తకం, అంతే.

ఐదో అడుగు: పేజీ అమరిక

బొమ్మ ఒక చోట, దాని వివరం వంద పేజీల అవతల ఉంటే అది సంచిలోకి పనికిరాదు. ఎడమ పేజీలో మాటలు, మ్యాపు, కుడి పేజీలో బొమ్మలు ఉండే అమరిక ఫీల్డ్‌కి సరైంది. మాటల్లో కూడా ఏది ముఖ్యమో తెలియాలి. ఈకల వర్ణన పది వరుసలు రాసి, ఇదే దీన్ని పక్కదాని నుంచి విడదీసే గుర్తు అని చెప్పకపోతే ఉపయోగం తక్కువ.

పక్షుల వరుస చాలా పుస్తకాల్లో కుటుంబాల ప్రకారం ఉంటుంది. మొదట ఇది గందరగోళంగా అనిపిస్తుంది. రంగుల వారీగా పెడితే సులువు కదా అనుకుంటాం. కానీ కుటుంబం అలవాటైతే దాని ఫలితం వేరు: ఇది వడ్రంగిపిట్టల గుంపు, ఇది లకుముకిపిట్టల గుంపు అని చూడగానే తెలిసి నేరుగా ఆ పేజీకి వెళ్ళిపోతారు. అట్ట మీదో, పేజీ అంచునో కుటుంబాలకి రంగు గుర్తులు ఉంటే ఇంకా త్వరగా తెరవొచ్చు.

పరిమాణం సెంటీమీటర్లలో ఇస్తారు. చెట్టు మీద ఉన్న పక్షిని చూసి పదిహేనా ఇరవైయా అని చెప్పగలిగేవాళ్ళు తక్కువ. పిచ్చుక, పికిలిపిట్ట, గోరింక, కాకి, గద్ద అని మీకు మీరే ఐదు మెట్లు పెట్టుకోండి. పుస్తకంలో ముందుగా ఈ ఐదు పక్షుల కొలతలు చూసి అట్ట లోపల రాసుకుంటే, ఆపైన ఏ అంకె కనిపించినా మనసులో పక్షి కనిపిస్తుంది.

ఇక బైండింగు. మన వేసవిలో బండి డిక్కీలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టిన పుస్తకం జిగురు వదిలేసి పేజీలు ఊడిపోతాయి. దారంతో కుట్టిన బైండింగు ఉందేమో చూడండి. మధ్యకి తెరిచి, వెన్ను దగ్గర కుట్టు కనిపిస్తుందో లేదో చూస్తే తెలుస్తుంది. బొమ్మలు మధ్య మడతలోకి పోయి ముక్కులు, తోకలు కనిపించని పుస్తకాలు కూడా ఉన్నాయి. అదీ గమనించండి.

ఆరో అడుగు: కూర్పు, పేర్లు

పాత పుస్తకం, కొత్త పుస్తకం పక్కపక్కన పెడితే ఒకే పక్షికి వేర్వేరు ఇంగ్లీషు పేర్లు కనిపిస్తాయి. పాతవాటిలో క్రో ఫెజెంట్ అన్నది ఇప్పుడు గ్రేటర్ కూకల్, అంటే మన జెముడుకాకి. కింగ్ క్రో ఇప్పుడు బ్లాక్ డ్రాంగో, మన పసుల పోలిగాడు. పర్పుల్ మూర్‌హెన్ కాస్తా పర్పుల్ స్వాంప్‌హెన్ అయి, ఇప్పుడు గ్రే హెడెడ్ స్వాంప్‌హెన్ అయింది. జాతులు కూడా విడిపోతుంటాయి. గేదెల వెంట తిరిగే కొంగని ఈమధ్యే రెండు జాతులుగా విడదీశారు. మన దగ్గరది ఈస్టర్న్ క్యాటిల్ ఎగ్రెట్.

అంతమాత్రాన పాత పుస్తకాన్ని పారేయక్కర్లేదు. పక్షి మారలేదు, దాని ముక్కూ తోకా మారలేదు. ఇంట్లో వాడుకోవడానికి పాత కూర్పు బాగానే పనిచేస్తుంది. ఫీల్డ్ పుస్తకం మాత్రం దొరికినంతలో కొత్త కూర్పు తీసుకోండి. ఫోను యాప్‌లో కనిపించే పేరు, పుస్తకంలో పేరు కలిస్తే సగం చిక్కు తీరుతుంది. కలవనప్పుడు శాస్త్రీయ నామంలో రెండో మాట చూడండి. మొదటి మాట మారినా రెండోది చాలాసార్లు అలాగే ఉంటుంది.

ఏడో అడుగు: కొన్ని పేర్లు

సలీం అలీ 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' మొదట 1941లో వచ్చింది. తర్వాత ఎన్నో కూర్పులు వచ్చాయి. ఇందులో దేశంలోని పక్షులన్నీ లేవు. గట్టు మీద ఉల్లంకుల్ని విడదీయడానికి ఇది చాలదు. కానీ పక్షి నడక, అరుపు, గూడు, స్వభావం గురించి ఆయన రాసిన తీరు వేరు. పరిమాణం కూడా పిచ్చుకంత, బుల్‌బులంత, మైనాకంటే కాస్త పెద్ద అని చెప్తారు. ఇంటి పుస్తకంగా మొదట ఏది అని అడిగితే నేను దీన్నే చెప్తాను.

రిచర్డ్ గ్రిమెట్, కరోల్ ఇన్‌స్కిప్, టిమ్ ఇన్‌స్కిప్‌ల 'బర్డ్స్ ఆఫ్ ది ఇండియన్ సబ్‌కాంటినెంట్' 1998లో పెద్ద పుస్తకంగా వచ్చి, తర్వాత ఫీల్డ్‌కి తగ్గ రూపాల్లో వచ్చింది. రెండో కూర్పులో బొమ్మలకి ఎదురుగానే వివరాలు, మ్యాపులు ఉన్నాయి. దేశంలో పక్షులు చూసేవాళ్ళ సంచుల్లో బాగా కనిపించేది ఇదే. దక్షిణ భారతానికి మాత్రమే పరిమితమైన కూర్పు కూడా ఉంది. అది దొరికితే విజయవాడ, గుంటూరు వాళ్ళకి మొదటి ఫీల్డ్ పుస్తకంగా అంతకంటే అనువైనది కనిపించదు. క్రిస్ కజ్‌మీర్‌చాక్ రాసి, బెర్ వాన్ పెర్లో బొమ్మలు వేసిన 'ఎ ఫీల్డ్ గైడ్ టు ది బర్డ్స్ ఆఫ్ ఇండియా' 2000లో వచ్చింది. ఇది సంచిలో సులువుగా పడుతుంది. బొమ్మలు మాత్రం చిన్నవి, కళ్ళజోడు వాడేవాళ్ళు కొనేముందు చూసుకోవాలి.

పామెలా రాస్మూసెన్, జాన్ ఆండర్టన్‌ల 'బర్డ్స్ ఆఫ్ సౌత్ ఏషియా' రెండు సంపుటాలు. 2005లో మొదటి కూర్పు, 2012లో రెండో కూర్పు. అరుపుల రేఖాచిత్రాలు కూడా ఉన్న లోతైన పుస్తకం. రెండు మూడేళ్ళు చూశాక, మొదటి పుస్తకం ఇచ్చిన జవాబులు చాలనప్పుడు ఇంటికి తెచ్చుకోండి. సలీం అలీ, డిల్లన్ రిప్లీల పది సంపుటాల 'హ్యాండ్‌బుక్' కొనడానికి అందరికీ వీలుపడదు. పెద్ద గ్రంథాలయంలో కనబడితే మాత్రం తెరిచి చూడండి. అందులో పక్షులకి తెలుగుతో సహా భారతీయ భాషల పేర్లు ఇచ్చారు.

ఎనిమిదో అడుగు: ఫోను

పుస్తకం ఎందుకు, యాప్ ఉంది కదా అంటారు. యాప్ ఉండాల్సిందే. పక్షుల మీద పరిశోధన చేసే కార్నెల్ ల్యాబ్ వాళ్ళ మెర్లిన్ యాప్ ఉచితం. మన ప్రాంతానికి ప్యాక్ ముందుగా ఇంట్లో వైఫై మీద దించుకుంటే సిగ్నల్ లేని చోటా పనిచేస్తుంది. మీరున్న చోటు, తేదీ చూసి అక్కడ ఆ రోజుల్లో ఉండే పక్షుల్నే ముందు చూపిస్తుంది. అచ్చు పుస్తకం చేయలేని పని అది. అరుపు విని పేరు చెప్పే సౌకర్యం కూడా ఉంది.

ఆ పేరుని అలాగే నమ్మొద్దు. పసుల పోలిగాడు షిక్రా డేగ అరుపుని అచ్చంగా అనుకరిస్తుంది. యాప్ షిక్రా అని చెప్పినా చెట్టు మీద ఉన్నది పోలిగాడే కావచ్చు. బందరు రోడ్డు హారన్ల మధ్య అయితే ఏం వింటుందో చెప్పలేం. యాప్ చెప్పింది ఒక సూచన అనుకుని, కంటితో చూసి, పుస్తకంలో సరిచూసుకోండి. ఇంకో సంగతి: యాప్ ఒక పేరు చెప్పగానే మనం అక్కడితో ఆగిపోతాం. పుస్తకం పేజీ తెరిస్తే పక్కనున్న నాలుగు పోలికలు కూడా కంట్లో పడతాయి, వచ్చే ఏడు వాటిలో ఇంకోటి ఎదురైనప్పుడు మీరు ఆగి చూస్తారు. నేర్చుకోవడం అలానే జరుగుతుంది. అందుకే ఫోను పుస్తకానికి బదులు కాదని నా గట్టి అభిప్రాయం.

పక్షులు చూసేవాళ్ళు తాము చూసినవి నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో మీ జిల్లాలో ఏ పక్షి ఏ నెలల్లో కనిపించిందో పట్టీల రూపంలో చూడొచ్చు. తొమ్మిదో అడుగుకి అది కావాలి.

కొనే చోటు

జనవరి మొదట్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం పుస్తకాలు చేతుల్లోకి తీసుకుని పోల్చుకోవడానికి మంచి అవకాశం. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో సలీం అలీ పాత కూర్పులు తగిలే అవకాశం ఉంటుంది. అక్కడ కొనేటప్పుడు బొమ్మల పేజీలు లెక్కపెట్టండి, ఎవరో చింపి గోడకి అంటించుకుని ఉండొచ్చు. తేమకి పేజీలు అతుక్కున్నాయేమో చూడండి.

ఆన్‌లైన్‌లో ధర మరీ తక్కువగా ఉంటే అనుమానించండి. దొంగ ముద్రణల్లో రంగులు తేడా కొడతాయి. ఎరుపు నారింజలోకి, పసుపు ఆకుపచ్చలోకి జారిపోతాయి. రంగు మీదే ఆధారపడిన పుస్తకంలో రంగు తప్పితే ఇంకేం మిగలదు. రామచిలుక బొమ్మ తెరిచి ఆకుపచ్చ చూడండి, మనందరికీ బాగా తెలిసిన రంగు అది.

తొమ్మిదో అడుగు: కొన్నాక పుస్తకాన్ని మన ఊరిదిగా చేసుకోవడం

కొత్త పుస్తకం మీద రాయడానికి చేతులు రావు. పెన్సిల్‌తో రాయండి. ఈబర్డ్ జాబితా దగ్గర పెట్టుకుని, మీ జిల్లాలో కనిపించే ప్రతి పక్షి పక్కనా చిన్న చుక్క పెట్టండి. చలికాలపు అతిథులకి చుక్క పక్కన 'చ' అని రాయండి. ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది. ఇక పుస్తకం ఎంత లావుగా ఉన్నా, మీరు చూడాల్సింది చుక్కలున్నవే.

ఎక్కువగా తెరిచే పేజీలకి కాగితపు చీటీలు అంటించండి: కొంగలు, ఉల్లంకులు, బాతులు, వేటపక్షులు, గుబురుల్లో తిరిగే చిన్న పిట్టలు. అట్టకి స్కూలు పుస్తకాలకి వేసినట్టు పారదర్శకపు షీటు వేయండి. వానాకాలంలో జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. ఇంట్లో బీరువాలో పెట్టేవాటికి తేమ తగలకుండా అప్పుడప్పుడు నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే రంగులు వెలిసిపోతాయి.

తెలుగు పేర్లు కూడా పక్కనే రాసుకోండి. లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో నారాయణపక్షి, నత్తగుల్లకొంగ, గూడబాతు, నామాలకోడి, గిజిగాడు అని మన అక్షరాలు కనిపిస్తే ఇంట్లో పెద్దవాళ్ళు కూడా పేజీలు తిప్పుతారు. కొల్లేరు పక్క ఆటపాకలో పడవ నడిపేవాళ్ళని, ఉప్పలపాడులో పొలంలో పనిచేసేవాళ్ళని బొమ్మ చూపించి దీన్ని మీరేమంటారు అని అడగండి. ఒక ఊరి పేరు పక్క ఊళ్ళో వేరే పక్షికి వాడొచ్చు కాబట్టి పేరుతోపాటు ఊరు కూడా రాయండి. కడప జిల్లాలో కలివికోడి అంతరించిందనుకున్న చాలా ఏళ్ళకి, 1986లో మళ్ళీ కనబడిందంటే, అందులో స్థానికులకి ఆ పక్షితో ఉన్న పరిచయం పాత్ర పెద్దది.

పుస్తకంలో చెప్పినదానికీ, మన దగ్గర మీరు చూసినదానికీ తేడా ఉంటే తేదీతో సహా అంచున రాయండి. చలికాలంలోనే ఉంటుందన్న పక్షి మే నెలలో కనబడితే అదీ రాయండి, ఫొటో ఉంటే ఈబర్డ్‌లో పెట్టండి. తర్వాతి కూర్పుల మ్యాపులు సరిదిద్దడానికి పనికొచ్చేది ఇలా చూసి నమోదు చేసిన సమాచారమే.

రెండో పుస్తకం ఎప్పుడు కొనాలి? మీ పుస్తకంలో ఒకే పేజీ దగ్గర పదే పదే ఆగిపోయి, రెండు జాతుల మధ్య తేల్చుకోలేక, దానికి కావాల్సిన వివరం అక్కడ లేదని మీకే తెలిసినప్పుడు. ఆ పేజీ నంబరు రాసి పెట్టుకోండి. కొట్లో కొత్త పుస్తకం చేతిలోకి తీసుకోగానే మొదట తెరవాల్సింది ఆ పక్షుల పేజీనే.